భద్రాచలం బండి ఎక్కాలంటే

రైల్వేవారి నిఘంటువులో 'రోడ్' అనే మాటకు మనకు తెలియని అర్థం ఒకటి వున్నది. స్టేషను పేరు చివర ఆ మాట కనిపించిందంటే, "అయ్యా, మీరు వెళ్ళదలచిన ఊరు ఇది కాదు, ఇక్కడ దిగి రోడ్డు పట్టుకోండి" అని భావం. శ్రీకాకుళం రోడ్ స్టేషను ఆమదాలవలసలో వున్నది. మంత్రాలయం రోడ్‌లో దిగినవారు రాఘవేంద్రస్వామి దర్శనానికి మళ్ళీ బస్సో ఆటోయో ఎక్కవలసిందే. నర్సీపట్నం రోడ్ సంగతీ అంతే. ఈ కుటుంబంలో భద్రాచలం రోడ్ మరీ గట్టి పిండం. ఆ స్టేషను వున్నది కొత్తగూడెంలో. రాములవారు అక్కడికి ఇంకా 40 కిలోమీటర్ల దూరంలో, గోదావరికి ఆవలి ఒడ్డున వున్నారు.

నేను నల్లగొండనుంచి ఖమ్మం కళాశాలకు బదిలీమీద వచ్చి నాలుగు నెలలైంది. "ఇంత దగ్గరకు వచ్చి భద్రాద్రి చూడకపోతే నలుగురూ నవ్వుతారు" అని మా ఆవిడ రోజూ అంటూనే వున్నది. శ్రీరామనవమికి వెళితే జనసముద్రంలో మునగాలి కనుక, దానికి ముందే ఫాల్గుణంలో ఒక ఆదివారం బయలుదేరాం. ఖమ్మంనుంచి రైలుమీద పోవాలనుకుంటే ముందు వెనక్కి తిరిగి డోర్నకల్లు వెళ్ళి, అక్కడ చీలే శాఖమీద బండి పట్టుకోవాలి. ముందుకు పోవడానికి వెనక్కి నడవడం మా ఆవిడకు నచ్చలేదు. బస్సే ఖాయమైంది.

ఆటో ఎక్కగానే మొదటి పరీక్ష: "పాత బస్టాండా, కొత్త బస్టాండా?" ఖమ్మంలో కొత్త బస్టాండు 2021లో వచ్చింది. ఊరికి కొత్తవాడు ఈ ప్రశ్నకు తెల్లముఖం వేశాడో, ఆటోవాడికి ఆ ముఖంలోనే చార్జీ కనిపిస్తుంది. నేను నీళ్ళు నములుతూ వుండగానే మా ఆవిడ, వీధిలో పూలమ్మే మనిషిని ముందురోజే అడిగి పెట్టుకున్నది కాబోలు, "కొత్తదే" అని ఠక్కున చెప్పింది. బస్సులో కండక్టరు నాకు డబ్బు తీసుకుని టికెట్టు ఇచ్చి, ఆవిడ ఆధార్ కార్డు చూచి జీరో టికెట్టు ఇచ్చాడు. తెలంగాణ స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో 2023 డిసెంబరు 9 నుంచి ఉచిత ప్రయాణం గదా! దాదాపు 120 కిలోమీటర్ల ఆ దారి పొడుగునా ఆవిడ నా టికెట్టును రెండుసార్లు అడిగి తీసుకుని, అంకెలు చదివి, జాలిగా తిరిగి ఇచ్చింది.

వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు. దారి పక్క చేలల్లో మిరపకాయ ఎర్రగా పండి వున్నది. కాయ కోతకు సరిహద్దు అవతలనుంచి, ఛత్తీస్‌గఢ్ అడవులనుంచి, కూలీలు గుంపులు గుంపులుగా వస్తారు. చేలగట్లమీద వారి పరదాల గుడిసెలు కనిపించినవి.

కొత్తగూడెం దాటాక ఈ దారి చమత్కారం మరికొంత బోధపడింది. ఇక్కడ ప్రతి పేరూ ఒక ఊరు జరిగి కూర్చున్నది. సింగరేణి అనే పల్లె కారేపల్లి దగ్గర వుంటే సింగరేణి కంపెనీ ప్రధాన కార్యాలయం కొత్తగూడెంలో వున్నది. కొత్తగూడెం పేరుమీది థర్మల్ విద్యుత్కేంద్రం పాల్వంచలో వున్నది. భద్రాచలం పేరుతో వెలసిన కాగితం మిల్లు భద్రాచలంలో లేదు. నదికి ఇవతల సారపాకలో వున్నది. పేరు నమ్ముకుని దిగితే ఎక్కడ తేలుతామో చెప్పలేం. అందుకే ఈ దారిన కండక్టర్లు ఊరి పేరొక్కటే చెప్పి ఊరుకోరు. "పాల్వంచ, కరెంటు ఆఫీసుకు పోయేవాళ్ళు దిగండి! సారపాక, పేపరు మిల్లోళ్ళు!" అని మనిషికీ చోటికీ ముడివేసి కేకవేస్తారు.

కొత్తగూడెంలో ఒక వృద్ధ దంపతులు మూటలతో ఎక్కారు. షోలాపూరువారు. తాతలనాడు మగ్గం పనిమీద అక్కడికి వలసపోయిన పద్మశాలీలు. ఇంట్లో ఇప్పటికీ తెలుగే. తెల్లవారుజామున భద్రాచలం రోడ్‌లో దిగి, "గుడి ఎటువైపు?" అని అడిగితే స్టేషనులో టీ అమ్మే కుర్రవాడు నవ్వాపుకోలేక పోయాడట. తరువాత వాడే బస్టాండుదాకా దారి చూపాడట. "మాకు తెలుగు మాట వస్తది గానీ అచ్చరం రాదు సారూ. మరాఠీలో చదివినం. బస్సు బోర్డు చూస్తే ముగ్గు లెక్క కనబడతది" అన్నాడాయన. తెలుగువాడు తెలుగు దేశానికి వచ్చి తెలుగు బోర్డుముందు నిరక్షరాస్యుడై నిలబడటం! నాకు మనసు చివుక్కుమన్నది. ఆయనకు మాత్రం అదేమీ పెద్ద విచారంగా లేదు. "అడిగితే చెప్తరు గదా" అన్నాడు.

పాల్వంచ దాటిన తరువాత టేకు, వెదురు, ఇప్పచెట్లు. ఆపైన సారపాక, గోదావరి, వంతెన. 1965లో ఈ వంతెన తెరిచేవరకు యాత్రికులు పడవలమీదే దాటేవారు. ఆ రోజులకు ఇంకా వెనక్కి వెళితే ఏరు దాటడమంటే దేశం దాటడమే. 1860లో నిజాం ఆవలి ఒడ్డును ఇంగ్లీషువారికి వదులుకున్నాక ఇవతల హైదరాబాదు రాజ్యం, అవతల కంపెనీ పోయి రాణి వచ్చిన బ్రిటిషు ఇండియా. తరువాత భద్రాచలం గోదావరి జిల్లాలో కలిసింది. 1959లో ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఊరు తెలంగాణలో నిలిచి, చుట్టుపక్కల పల్లెలు ఆంధ్రప్రదేశ్‌కు పోయినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. రాముడు కొండమీదనుంచి కదలలేదు. హద్దులే ఆయన చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నవి.

ఈ ప్రదక్షిణం బస్సెక్కేవారికి వేదాంతం కాదు సుమండీ, చిల్లర లెక్క. పర్ణశాలకు పోవాలంటే భద్రాచలం పొలిమేర దాటగానే ఎటపాక మండలం, అంటే ఆంధ్రప్రదేశ్. మళ్ళీ కొంతసేపటికి దుమ్ముగూడెం, అంటే తెలంగాణ. చింతూరు వైపు తెలంగాణ బస్సు ఎక్కితే స్త్రీలకు సరిహద్దుదాకానే ఉచితం, అక్కడినుంచి టికెట్టు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోనూ 'స్త్రీశక్తి' పేరుతో ఉచిత ప్రయాణం వచ్చింది. అది ఆ రాష్ట్రపు స్త్రీలకు. అక్కచెల్లెళ్ళు ఇద్దరు రెండు పక్క ఊళ్ళలో కాపురం వుంటే ఇద్దరికీ రెండు లెక్కలన్నమాట.

దర్శనం బాగా అయింది. దాన్ని వర్ణించేవారు వేలమంది వున్నారు. నేను బస్టాండుకు వస్తాను.

సాయంత్రం ఐదు దాటింది. భద్రాచలం బస్టాండు అంటే ఒక్క యాత్రికులదే అనుకున్నాను. కాదు. ఆ చుట్టుపట్ల అడవి పల్లెలన్నిటికీ అదే పట్నం. జబ్బు చేస్తే ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రికే రావాలి, పొరుగు రాష్ట్రాలవారు కూడా. ఒక స్తంభం పక్కన ఒక కోయ యువతి బిడ్డను రొమ్ముకు కట్టుకుని నిలబడి వున్నది. భర్త చేతిలో ఆసుపత్రి చీటీ, మందుల సంచీ. వారి కళ్ళముందే రెండు బస్సులు కదిలి వెళ్ళినవి. ఇద్దరూ బోర్డులవైపు చూడటం లేదు, గేటువైపే చూస్తున్నారు.

మా ఆవిడ దగ్గరకు వెళ్ళి అడిగింది. అతడు "కుంట" అన్నాడు. పక్కనున్న పెద్దమనిషి "ఏ కుంట? నీళ్ళ కుంటా?" అని పరిహాసమాడాడు. కుంట అంటే సరిహద్దు అవతల, సుక్మా జిల్లాలోని ఊరు. ఈ 30వ నంబరు జాతీయ రహదారిమీదే వున్నది. విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నంనుంచి కొత్తగూడెం, భద్రాచలం, చింతూరు, కుంట, జగదల్‌పూర్ మీదుగా ఉత్తరాఖండ్‌దాకా పోయే దారి. ఇంత భూగోళం నాకు తెలుసు. వారితో చెప్పడానికి మాట లేదు. కోయ కూడా ద్రావిడభాషే, గోండీకి దగ్గరిది. క్లాసులో ఏటా ఆ పట్టిక విద్యార్థులచేత వల్లె వేయిస్తాను. ఆ భాషలో "ఎటు వెళ్ళాలి?" అని అడగటం నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

చివరకు గురుకులంలో ఇంటర్ చదువుతున్న ఒక పిల్ల, సెలవుకు ఇంటికి పోతూ, మా తంటాలు చూచి వచ్చింది. వారితో రెండు మాటలు మాట్లాడి మాకు చెప్పింది. మూడురోజుల క్రితం బిడ్డ జ్వరంతో వచ్చినప్పుడు వారు నీలంరంగు బస్సులో వచ్చారట. తిరిగి పోవడానికీ ఆ నీలంరంగు బస్సే రావాలని మధ్యాహ్నంనుంచి ఎదురుచూస్తున్నారు. అక్షరాలు లేనివారికి రంగే కదా బోర్డు! కనుక్కుంటే, ఆ బస్సు మళ్ళీ రేపు ఉదయంగాని లేదు. అంతకుముందు కదిలిన రెంటిలో ఒకటి చింతూరు బస్సే.

"ఇంకొకటి వున్నది, చివరిది" అన్నది ఆ పిల్ల, గడియారం చూచి.

ఆ చివరిది ఆరు దాటాక వచ్చింది, కిక్కిరిసి. బోర్డు వున్నది గాని ధూళి పట్టి నాకే సరిగా కనిపించలేదు. కండక్టరమ్మ కిందికి దిగి, "నెల్లిపాక, చింతూరు!" అని గొంతు చించుకున్నది. ఆ కేక విన్నాకగాని జనం కదలలేదు. పిల్ల ముందు ఎక్కి, ఆ తల్లిని ముందు సీటులో కూర్చోబెట్టింది. భర్త ఇంకా మెట్టుమీదనే వెనక్కి తిరిగి చూస్తున్నాడు. నీలం బస్సుమీద ఆశ చావలేదు పాపం.

"చింతూరులో దించితే ఈ రాత్రి కుంటకు బండి దొరుకుతుందా? దొరక్కపోతే చంటిబిడ్డతో..." అని మా ఆవిడ కిటికీ దగ్గర నిలబడి ఒకటే ప్రశ్నలు.

"దొరక్కపోతే మా పెద్దమ్మ ఇల్లు బస్టాండు వెనకే ఆంటీ. పండుకోబెట్టి పొద్దున్నే ఎక్కిస్తం" అన్నది ఆ పిల్ల. అదే మాట వెనక్కి తిరిగి కోయలో చెప్పింది. అప్పుడు ఆ తల్లి, అంతసేపటికి మొదటిసారి, బిడ్డ ముఖంమీది గుడ్డ తొలగించి గాలి తగలనిచ్చింది. బస్సు కదిలింది.

అంతలో అవతలి చివరనుంచి "సారపాక, పాల్వంచ, కొత్తగూడెం, ఖమ్మం!" అని కేక. నేను సంచీ తీసుకుని వెళ్ళేసరికి మా ఆవిడ అప్పటికే కిటికీ పక్క కూర్చుని, చేతిరుమాలు పరచి నాకూ చోటు ఆపింది.