నేసిన యంచు, కుట్టిన యంచు

సంక్రాంతికి పుట్టింటికి గద్వాల వచ్చినప్పుడెల్ల కోటలోని చెన్నకేశవస్వామిని సేవించి, పిమ్మట నేతవారి యిండ్లకు పోయి మగ్గముల చప్పుడు కొంతసేపు వినివచ్చుట మాకు వాడుక. ఈ పర్యాయము మా వెంట వచ్చిన మావారికి గాని, మా తమ్మునికి గాని చీరల మీద దృష్టి లేదు. త్రోవ పొడుగునను వారు మోటారుసైకిళ్ల మాటలే మాటలాడుచుండిరి. మావారి పాతబండి పదునాలుగేండ్లు సేవచేసి అలసిపోయినది. వారు పనిచేయు బడికి పోవలెనన్న సగము దూరము కంకరత్రోవ. వానకాలమున నొక వాగు. కావున కొండలకును గుట్టలకును వెరవక పోవునట్లు చేయబడిన 'అడ్వెంచర్' జాతి బండి కొనవలెనని వారి కోరిక.

మగ్గము కడ కూర్చున్న వృద్ధుడు మాకు గద్వాల చీర మర్మమును చూపెను. చీర నడుమ నూలు. అంచును, కొంగును పట్టు. ఈ రెంటిని తరువాత కుట్టుట గాదు. నేయుచున్నప్పుడే అడ్డపోగునకు అడ్డపోగు మెలివేసి కలుపుదురు. దీనినే కుప్పడమందురు. 2010లో ఈ చీరలకు భౌగోళిక గుర్తింపు లభించినది. "కుట్టిన అంచు రెండు ఉతుకులకు ఊడుతదమ్మా. నేసిన అంచు చీర చినిగినా ఊడదు" అని యతడు నవ్వెను. ఆ మాట మాకు మోటారుసైకిలు కొనుటలో పనికివచ్చునని అప్పుడు తోచలేదు.

మా మరిది తన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 బండిని మూడు దినములకు మాకు ఎరువిచ్చెను. మా తమ్మునికి హీరో కంపెనీవారి ఎక్స్‌పల్స్ 210 కలదు. ఈ రెండు బండ్లమీద గద్వాల నుండి వనపర్తి మీదుగా నాగర్‌కర్నూలు వరకు పోయివచ్చి, పిదప ఏది కొనవలెనో నిర్ణయించుకొందమని యేర్పాటు. పిల్లలను మా అమ్మ కడ విడిచితిమి. బండ్ల సంగతి మగవారిది, ఆడవారికేల యని కొందరు సోదరీమణులు అనుకొందురేమో! వెనుక కూర్చున్నవారి ప్రాణము ముందు కూర్చున్నవారి ప్రాణముకంటె చౌక గాదు. బండికి పోయెడి సొమ్మును, బియ్యమునకు పోయెడి సొమ్మును ఒక్క పెట్టెలోనిదే గదా!

ఈ జాతి బండ్లకు మూలపురుషుడు 1980లో జర్మనీ దేశపు బి.ఎం.డబ్ల్యు. కంపెనీవారు తెచ్చిన ఆర్ 80 జి/ఎస్ అని చెప్పుదురు. మరుసటి యేడు అది పారిస్ నగరము నుండి ఆఫ్రికా యెడారుల మీదుగా డకార్ వరకు సాగు పందెమున గెలిచినది. మన దేశమున 2016లో వచ్చిన మొదటి హిమాలయన్ ఈ జాతిని మధ్యతరగతి గృహస్థుల వాకిటికి తెచ్చినది. మేమెక్కినది 2023 నవంబరులో వెలువడిన క్రొత్త హిమాలయన్. దాని యింజను 452 ఘన సెంటీమీటర్లది, బలము 40 గుఱ్ఱములది. ఎక్స్‌పల్స్ 2025 జనవరిలో వచ్చినది. 210 ఘన సెంటీమీటర్ల యింజను, సుమారు 24 గుఱ్ఱముల బలము. రెంటికిని ముందు చక్రము 21 అంగుళములది. చక్రము పెద్దదైనకొలది గుంతలో దిగబడక దాటునని మా తమ్ముడు చెప్పెను.

ఇక వానిలో పొదిగిన యంత్రవిద్య. హిమాలయన్‌కు కన్నుల యెదుట నాలుగంగుళముల గుండ్రని రంగుల పలక. అందులో వేగము మాత్రమే గాక గూగుల్ పటము సయితము కనబడును. త్రోవ గీత గీచినట్లుండును. ఎక్స్‌పల్స్ పైరకమునకు 4.2 అంగుళముల పలక. అది పటము చూపదు గాని, ముందు మలుపు కుడికో యెడమకో బాణపు గుర్తుతో తెలుపును. రెంటికిని ఏబీఎస్ కలదు. ఇది యేమన, చక్రమునకు పండ్లున్న వలయ మొకటి, దానిప్రక్క చక్రము తిరుగుటను లెక్కించు కన్నొకటి అమర్చియుందురు. బ్రేకు గట్టిగా పట్టినప్పుడు చక్రము తిరుగుట మాని జారబోవుచున్నదని ఆ కన్ను కనిపెట్టిన తక్షణమే, బ్రేకు సెకనులో పలుమార్లు వదలి పట్టుకొనును. అందువలన బండి జారదు. 2019 ఏప్రిలు నుండి మన దేశమున 125 ఘన సెంటీమీటర్లకు మించిన ప్రతి క్రొత్త బండికిని ఇది యుండవలెనని ప్రభుత్వ శాసనము. ఈ రెండు బండ్లలోను కంకరమీద పోవునప్పుడు వెనుక చక్రపు ఏబీఎస్‌ను ఆపుకొనవచ్చును. వదులునేలమీద ఆగిన చక్రము ముందర మట్టి ప్రోగై అడ్డుపడునట, అదియే మేలట. కె.టి.ఎం. వారి 390 అడ్వెంచర్ ఇంకను ఒక మెట్టుపైన నున్నది. మలుపులో బండి యెంత వంగినదో కొలిచి ఆ లెక్కను బట్టి బ్రేకు బలమును సవరించును. దారి తెఱపిగా నున్నప్పుడు వేగమును తానే నిలుపుకొనును.

ఇవన్నియు విని మేమడిగిన ప్రశ్న ఒక్కటే: "వెనుక కూర్చున్నవారి కేమున్నది?" తమ్ముడు కొంచెము తడబడి, పట్టుకొనుటకు పిడి, కాళ్లకు మెట్టు, చీర చక్రములో పడకుండ శారీగార్డు చూపెను. ఈ మూడును 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలలో 123వ నిబంధన ప్రకారము ఉండితీరవలసినవే. వీనికి రంగుల పలక లేదు, పేరుప్రతిష్ఠలు లేవు. కాని యెందరు స్త్రీల ప్రాణములను అవి కాపాడినవో! అయినను మేము చీర కట్టక, సల్వారు తొడిగి, శిరస్త్రాణము ధరించియే యెక్కితిమి.

కనుమ మరునాడు తెల్లవారుజామున బయలుదేరితిమి. ఎఱ్ఱవల్లి చౌరస్తాలో జాతీయ రహదారి నెక్కి, బీచుపల్లి ఆంజనేయునికి నమస్కరించి, కృష్ణపై వంతెన దాటితిమి. మంచులో నది ఆవలియొడ్డు కనబడలేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడును 2016 అక్టోబరు 11న ఒక్కనాడే జిల్లాలైనవి, ఒక్కపురిటి బిడ్డలవంటివి. పెబ్బేరు కడ ప్రక్కకు మరలి శ్రీరంగాపురము పోయి, రంగసముద్రపు గట్టున వెలసిన రంగనాయకస్వామిని దర్శించితిమి. వనపర్తి ప్రభువులు కట్టించిన ఆ యాలయపు గోపురము చెఱువునీట తలక్రిందుగా కనబడుచుండగా, ఆ మెట్లమీదనే కూర్చుండి సజ్జరొట్టెలు తింటిమి. వనపర్తిలో సంస్థానాధీశుల రాజభవనము నేడు పాలిటెక్నిక్ కళాశాల. రాజులు కూర్చున్న చోట బిడ్డలు యంత్రముల చదువు చదువుకొనుట చూచి మావారు మిక్కిలి సంతసించిరి.

అంతవరకు గుండ్రని పలకలోని పటము మాకు దారిచూపెను. వనపర్తిలో తమ్మునికి స్నేహితుని యింట పని యుండుటచే, "మీరు ముందు నడువుడు, సోమశిలలో కలిసికొందము" అని యతడు ఆగిపోయెను. మేమిరువురమే పానగల్లు మీదుగా కొల్లాపురము వైపు సాగితిమి. కొంతదూరము పోవుసరికి పలకలోని పటము మాయమైనది; వేగము చూపు అంకెలు మాత్రము మిగిలినవి. బండి ఆపి చూడగా మావారి ఫోను చల్లబడియున్నది. అప్పుడు గదా తెలిసినది! పటము బండిలో లేదు. ఫోనులోని పటమును బండి అద్దమువలె చూపుచున్నది, అంతియే. రాత్రి పిల్లలు ఆ ఫోనులో బొమ్మలు చూచి సగము శక్తిని ఖర్చుచేసిరి; తక్కినది పటము త్రాగినది. ఫోనునకు శక్తి నెక్కించుకొనుటకు బండిలో రంధ్రము కలదు గాని, తీగ లేదు. తీగను సంచిలో పెట్టుట మాకు ఒప్పగించిన పని. మేము మామిడికాయ పచ్చడి పెట్టి, తీగను మఱచితిమి. తప్పు బండిది గాదు, మాది. మావారు ఏమియు ననలేదు. అనకుండుటయే అనుటకంటె హెచ్చు.

ఎదుట దారి రెండుగా చీలియున్నది. ప్రక్కనున్న చేనిలో వేరుసెనగ కలుపుతీయుచున్న యొక వృద్ధురాలు లేచి నిలిచి, కంటికి చేయి అడ్డముపెట్టి మమ్ము చూచి, "యాడికి పోవాలె బిడ్డా?" అనెను. కొల్లాపురమునకంటిమి. ఆమె బండిని ఆ కొననుండి యీ కొనవరకు చూచి, "గింత పెద్ద బండికి తొవ్వ ఎరుక లేదా?" అనెను. మాకు నవ్వాగలేదు. మావారు సయితము నవ్విరి. "గా చింతచెట్టు కాడ ఎడమకు మల్లుండ్రి. కుడికి పోతే మా ఊరే వస్తది, గాడ తొవ్వ ఆగిపోతది" అని యామె దారిచెప్పెను. సజ్జరొట్టె యొకటి ఆమె చేతిలో పెట్టి సాగితిమి.

చింతచెట్టు దాటి పావుగంటయైనను కాలేదు. మలుపు తిరుగగానే గుట్టమీదినుండి గొఱ్ఱెలమంద దారిలోనికి దిగినది. వాని వెనుక పదేండ్ల బాలుడొకడు పరుగెత్తి వచ్చుచున్నాడు. మావారు రెండు బ్రేకులును ఒక్కసారిగా పట్టిరి. మేము కన్నులు మూసికొంటిమి. బండి ప్రక్కకు తిరుగునని, జారునని, పడుదుమని క్షణములో మూడువిధముల భయపడితిమి. బండి గజగజలాడుచు, చిటచిట చప్పుడు చేయుచు, గీతగీచినట్లు తిన్నగా ఆగినది. కన్నులు తెఱచిచూడగా ముందుచక్రమునకు బారెడు దూరమున నొక గొఱ్ఱెపిల్లను ఎత్తుకొని ఆ బాలుడు నిలిచియున్నాడు. మా పిల్లవాని యీడువాడే. వానికేమియు కాలేదు, మాకును కాలేదు. చాలసేపటివరకు మావారి చేతులు వణకుచునే యుండెను.

అప్పుడు మగ్గము కడ వృద్ధుడన్న మాట జ్ఞప్తికి వచ్చినది. పటము కుట్టిన యంచు. ఫోను, దాని శక్తి, ఆకాశమునుండి దిగు సంకేతము — ఇందులో నే యొక్కటి తెగినను అది యూడిపోవును. ఏబీఎస్ నేసిన యంచు. ఫోను చచ్చినను, దారి తప్పినను, మేము మఱచినను, అది చక్రములోనే యున్నది. శారీగార్డు నట్టిదే. బండ్లను పోల్చునప్పుడు ఏ బండి పలక పెద్దది యని గాక, ఏది బండిలో పుట్టినది, ఏది ఎరువు తెచ్చుకొన్నది యని ముందు చూడవలెనని మాకు తోచినది.

మధ్యాహ్నమునకు కొల్లాపురము చేరి, అచ్చటినుండి సోమశిల పోయితిమి. శ్రీశైలము ప్రాజెక్టు నీటిలో పాత సోమశిల మునిగినప్పుడు సోమేశ్వరుని ఎత్తైన చోటికి తరలించి నిలిపిరి. ఆవలిదిక్కున, ఎండకాలమున నీరు తగ్గినప్పుడు మాత్రమే బయటపడు సంగమేశ్వరాలయ మున్నది. మేము పోయిననాడు అది నీటి క్రిందనే. దర్శనము చేసివచ్చునప్పటికి, తడినేలమీద నిలిపిన మా బండి స్టాండు దిగబడి ప్రక్కకు ఒరిగియున్నది. మేమిరువురము ఎంత ప్రయత్నించినను అది లేవలేదు. దాని బరువు 196 కిలోలు. పుట్టి త్రోయు ఇద్దరు జాలరులు వచ్చి చేయివేసిన పిదప లేచినది. అంతలో తమ్ముడు వచ్చి, సంగతి విని, పరిహాసముగా తన బండిని ఇసుకపై మెల్లగా ఒరిగించి, "అక్కా! ఇప్పుడు లేపుడు చూతము" అనెను. అది సుమారు 170 కిలోలు. మావారు హ్యాండిలును, మేము వెనుక పిడిని పట్టగా రెండవ ప్రయత్నమునకే లేచినది.

ఆ రాత్రి నాగర్‌కర్నూలులో బంధువుల యింట బసచేసితిమి. పూర్వము ఆ దారిన పోవు ఎద్దుబండ్లవారు ఇరుసులకు కందెన అచ్చట కొనుచుండుటచే ఆ యూరికి కందనూలని పేరు వచ్చెనని చెప్పుకొనుట కలదు. భోజనమైన పిదప మావారు కాగితము తీసి లెక్కలు వ్రాసిరి. వెలువడిననాడు హిమాలయన్ ధర 2.69 లక్షలనుండియు, ఎక్స్‌పల్స్ ధర 1.76 లక్షలనుండియు మొదలైనవి. 2025 సెప్టెంబరు 22 నుండి 350 ఘన సెంటీమీటర్లకు మించని బండ్లకు జీఎస్టీ నూటికి 18, మించినవానికి 40. కావున ఎడము ఇంకను పెరిగినది. దూరప్రయాణమునకు, ఇరువురు సామానుతో పోవుటకు పెద్దబండి సుఖమే. అందు సందేహము లేదు. కాని మా త్రోవ హిమాలయమునకు గాదు, బడికి. రెండు చక్రములకును ఏబీఎస్ రెంటిలోను ఉన్నది. పటము ఫోనులో నుండనే యున్నది. పడినప్పుడు ఇరువురము కలసి లేపగలిగినదే మా బండి యని మేమంటిమి. మావారు పెద్దబండి పేరును ఒక్కసారి తేఱిపాఱ చూచి, కొట్టివేసిరి. వారి కోరిక యెంతటిదో మాకు తెలియును. అందుచే ఆ గీత మాకును నొప్పియే కలిగించినది.

సోదరీమణులారా! మీ యింట బండి కొను మాట వచ్చినప్పుడు మీరు వెనుకకు తగ్గకుడు. అంగడిలో నొక్కమారు వెనుకసీటుపై కూర్చుండి చూడుడు. ఏబీఎస్ ఒక చక్రమునకా రెంటికా యని యడుగుడు. ఫోను లేనినాడు ఈ బండికి ఏమి తెలియును అని యడుగుడు. మీకొక శిరస్త్రాణము ఆ ధరలోనే చేర్చి కొనుడు.

క్రొత్తబండి వచ్చి రెండు వారములైనది. గుమ్మము ప్రక్క మేకునకు మేమొక తీగను తగిలించియుంచితిమి. బయలుదేరునప్పుడెల్ల మావారు దానివైపు చూతురు; మావైపును చూతురు.