గేటు ముందు తెల్ల కారు

అమీర్‌పేట మెట్రో దిగి ఎస్సార్‌నగర్ వైపు గల్లీల్లోకి నడిచి చూడండి. అక్కడ ఇళ్ల గేట్లు చదవడమే ఓ టైంపాస్. మొదట మర్యాదగా ‘దయచేసి గేటు ముందు వాహనాలు నిలపరాదు’. నాలుగిళ్లు దాటాక ‘టైర్లలో గాలి తీయబడును’. ఇంకోచోట అసలు రాతే లేదు, సిమెంటు నింపిన పెయింట్ డబ్బా, అందులో నిలబెట్టిన ఇనుప పైపు. ఎవరి విసుగు ఎంత పాతదో తెలిసిపోతుంది.

కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, కర్రీ పాయింట్లు పెరిగాయి, గల్లీలు పెరగలేదు. సెల్లార్‌లో బండ్లు ఉండాల్సిన చోట షాపులున్నాయి. మరి కార్లు ఎక్కడికి పోతాయి?

మా ఓనర్ ఆంటీకి వారానికి మూడుసార్లు డయాలసిస్. పొద్దున ఆరున్నరకల్లా బయల్దేరాలి. గేటుకి అడ్డంగా ఓ తెల్ల కారు. అంకుల్ మాత్రం గాలి తీయనివ్వరు. “గాలి తీస్తే బండి ఇక్కడే ఉండిపోద్ది కదా బాబూ!” లాజిక్ కరెక్టే. అద్దం మీద నంబర్ ఉంటే ఫోన్ చేస్తాం, లేదంటే హాస్టల్ తలుపులు కొడతాం. ఒక్కోసారి ఆంటీని మెల్లగా మెయిన్ రోడ్డు దాకా నడిపించి ఆటో ఎక్కిస్తాం. వెళ్లేటప్పుడు సరే, నీరసంగా తిరిగొచ్చేటప్పుడే కష్టం.

ఇంటి గేటుకి అడ్డంగా బండి పెట్టకూడదని 2017 నాటి డ్రైవింగ్ నిబంధనల్లోనే ఉంది. ఫొటో తీసి ట్రాఫిక్ పోలీసులకు పంపొచ్చు. చలానా పడుతుందేమో, కారైతే కదలదు.

పోయిన నెల అంకుల్ గేటు మీద కొత్తగా రాయించారు: ‘డయాలసిస్ పేషెంట్ ఉన్నారు. సోమ, బుధ, శుక్ర’. ఆ మూడు రోజులూ గేటు ముందు ఖాళీ. మంగళవారం మాత్రం అదే తెల్ల కారు.