పక్క పెట్టె వాడి వంతు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్లు ఫోన్ చేసి రెండు వారాలయింది. ఏం రాయాలో తోచలేదు. పాత విద్యార్థులు రాసేవి ఎలా ఉంటాయో నాకు తెలుసు. నీళ్ల చారు, స్టీలు కంచం పట్టుకుని వరసలో నిలబడడం, తెల్లవారుజామున కుళాయి దగ్గర స్నానం, చివర్లో బాగా చదువుకోండి అని ఒక మాట. అవన్నీ నిజమే గాని మీరు రోజూ చూస్తున్నవే కదా. అందుకని నేను ఒక కంప్యూటర్ ఆట గురించి రాస్తున్నాను. వార్డెన్ గారు మన్నించాలి.

నాది 2006 మార్చిలో పదో తరగతి రాసిన బ్యాచి. హాలులో గోడవారన రేకు పెట్టెలు వరసగా ఉండేవి. ఎవరి పెట్టె పక్కన ఎవరిది ఉంటే వాళ్లే ప్రాణ స్నేహితులు, వాళ్లతోనే తగువులు కూడా. నా పక్క పెట్టె వాడిది కడియపులంక దగ్గర. వాళ్ల నాన్న నర్సరీలో కూలికి వెళ్లేవాడు. వాడి పేరు ఇక్కడ రాయను, రాస్తే తిడతాడు. మా బ్యాచి వాళ్లకి పేరు చెప్పక్కర్లేదు.

సబ్బుకీ కొబ్బరి నూనెకీ మనకు కాస్మొటిక్ డబ్బులు ఇచ్చేవారు. ఆ డబ్బులు చేతికొచ్చిన తర్వాత వచ్చే ఆదివారం, అవుట్ పర్మిషన్ తీసుకుని మేమిద్దరం రాజమండ్రి పోయేవాళ్లం. పూల మూటలు దింపి వచ్చే ఆటో దొరికితే వెనకాల ఎక్కేసేవాళ్లం, చార్జీ మిగిలేది. దేవీచౌక్ దగ్గర్లో ఒక ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. గంటకి 20 రూపాయలు. నావి పది, వాడివి పది. అంటే ఇద్దరం చెరో సబ్బు మానేసేవాళ్లం అన్నమాట. నెలాఖరుకి ఎవరి సబ్బు ముక్కో అరువడిగి బట్టలు ఉతుక్కునేవాళ్లం.

ఆడేది ఒకటే ఆట. నీడ్ ఫర్ స్పీడ్ అండర్‌గ్రౌండ్ 2. అది 2004 నవంబరులో వచ్చింది. అందులో బేవ్యూ అని ఒక ఊరు. ఆ ఊళ్లో ఎప్పుడూ రాత్రే, రోడ్లు తడిగా ఉంటాయి, రంగు దీపాలు ఆ తడిలో మెరుస్తుంటాయి. మనకి నచ్చిన కారు తీసుకుని ఊరంతా తిరగొచ్చు. సాయంత్రమైతే గేటు దాటనివ్వని హాస్టల్లో ఉన్న మాకు ఆ రాత్రిపూట ఊరు తిరగడం ఎంత గొప్పగా ఉండేదో చెప్పలేను.

సరే, అసలు సంగతి. గంటలో యాభై అయిదు నిమిషాలు నేనే ఆడేవాణ్ణి. వాడు నా కుర్చీ వెనకాల నిలబడి చూసేవాడు. చివర అయిదు నిమిషాలు వాడికి. వాడు కుర్చీలో సర్దుకుని కూర్చునేసరికే సెంటరాయన "టైమైపోయిందమ్మా" అనేవాడు. ఒకసారి వాడు కారుని తీసుకెళ్లి గోడకి కొడితే, నేను "నీ చేతులకి రాదులేరా, ఇటివ్వు" అని కీబోర్డు లాక్కున్నాను. వాడేమీ అనలేదు. నాకు ఆ మాట అప్పుడే మర్చిపోయింది.

పదిలో వాడికి లెక్కలు పోయాయి. సప్లిమెంటరీ కట్టలేదు, నర్సరీ పనికి వెళ్లిపోయాడు. నేను ఇంటరు, తర్వాత డిగ్రీ చేసి హైదరాబాదులో ఒక ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసే పనిలో చేరాను. ఇంజనీరునని కొందరు తమ్ముళ్లు అనుకుంటున్నారట. కాదండి, కీబోర్డులు మార్చడం, ప్రింటర్లో ఇరుక్కున్న కాగితం లాగడం, అవే నా పని.

ఈ సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు వాణ్ణి చూడ్డానికి వెళ్లాను. ఇప్పుడు సొంతంగా కొంచెం నేల కౌలుకి తీసుకుని మొక్కలు పెంచుతున్నాడు. మామిడి అంట్లు కడతాడు. చాకుతో ఏటవాలుగా రెండు చెక్కులు, రెండు పుల్లలూ కలిపి ప్లాస్టిక్ రిబ్బనుతో చుట్టేయడం, నేను ఒక ముక్క మాట్లాడేలోపు ఒక అంటు అయిపోయేది. మా మాటల్లో ఆ ఆట సంగతి వచ్చింది. వాళ్ల మేనల్లుడు కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు, పండక్కి వచ్చి ఉన్నాడు. ఆటలు ఆడుకునే ఖరీదైన ల్యాప్‌టాప్ వాయిదాల మీద కొన్నాడు. హైదరాబాదులో పార్కులేను దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్లో ఎప్పుడో కొన్న ఆ ఆట డిస్కులు నా దగ్గర ఉన్నాయి. ఆ రోజుల డిస్కుల్లో చాలావాటికి దొంగ కాపీలు ఆపడానికి ఒక కాపలా ప్రోగ్రాం ఉండేది. 2015లో వచ్చిన విండోస్ 10 దాన్ని లోపలికి రానివ్వదు, అందుకే పాత డిస్కులు పెడితే చాలా ఆటలు మొదలే కావు. ఆ తంటా నేను ముందే హైదరాబాదులో పడి, ఆట నడిచేలా చేసి పెన్ డ్రైవులో వేసుకుని ఉన్నాను.

"ఈసారి గంటంతా నీదేరా" అని వాణ్ణి కూర్చోబెట్టాను. షెడ్డులో కుర్చీ లేక తిరగేసిన మొక్కల ట్రే మీద కూర్చున్నాడు.

రేసు మొదలైంది. నాలుగు సెకన్లు బాగానే పోయింది, తర్వాత కారు ఆగి ఆగి వెళ్తోంది. మనవాళ్లు స్ట్రక్ అవుతోంది అంటారే, అది. మలుపు దగ్గర బొమ్మ ఒక్క క్షణం నిలిచిపోయి, కళ్లు తెరిచేసరికి కారు గోడలో ఉంది. మళ్లీ మొదలెట్టాడు, మళ్లీ గోడ. మూడోసారి చేతులు తీసేసి, మట్టి చేతుల్ని లుంగీకి తుడుచుకుంటూ అన్నాడు. "నువ్వు అప్పుడే చెప్పావు గదరా, నా చేతులకి రాదని."

ఇరవై ఏళ్లు. నేను మర్చిపోయినది వాడు దాచుకున్నాడు. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "నీ చేతులు కాదురా, మెషీను" అన్నాను. "అంత ఖరీదు పెట్టి కొన్నది, పాత ఆట లాగలేదా? నన్ను ఊరుకోబెట్టడానికి చెబుతున్నావు" అన్నాడు. మేనల్లుడు కూడా నా వైపు అనుమానంగానే చూశాడు. ఇక దాన్ని బాగు చేసి చూపించడం తప్ప దారి లేదు. రాత్రికి రాజమండ్రిలో నాకు గౌతమి ఎక్స్‌ప్రెస్ ఉంది. అప్పటికి సాయంత్రం ఆరు.

ముందు అందరూ చేసే పనే నేనూ చేశాను. ఆటలో నీడలు, వాన, అద్దాల మెరుపు అన్నీ తగ్గించేశాను. ఏమీ తేడా రాలేదు. తేడా రాకపోవడమే ఒక ఆధారం అని నాకు తర్వాత తట్టింది. బరువు మోయలేక ఆగుతుంటే, బరువు తగ్గిస్తే నడవాలి కదా. మేనల్లుడి దగ్గర సెకనుకి ఎన్ని బొమ్మలు పడుతున్నాయో చూపించే ప్రోగ్రాం ఉంది. అందులో వందకి పైనే చూపిస్తోంది. అరవై ఉంటేనే చాలా ఎక్కువ. మరి ఎందుకు ఆగుతోంది?

దానికి జవాబు మావాడే చెప్పాడు, తనకి తెలియకుండానే. "మోటారులోకి గాలి వెళ్తే ఇట్టాగే ఉంటుంది. మోటారు బాగానే తిరుగుతుంది, నీళ్లు మాత్రం గుక్క గుక్కగా వస్తాయి" అన్నాడు. సరిగ్గా అదే. సెకనుకి అరవై బొమ్మలంటే ఒక్కొక్కటి సుమారు 17 మిల్లీ సెకన్లకి రావాలి. అరవైలో ఒక్కటి 100 మిల్లీ సెకన్లు ఆలస్యమైనా, సగటు చూస్తే బాగానే కనిపిస్తుంది, కంటికి మాత్రం కుదుపు తెలుస్తుంది. గంటకి ఎన్ని బిందెలు నిండాయో చూస్తే గాలి పట్టిన సంగతి తెలియదు, ధార చూడాలి.

తర్వాత చార్జరు చూశాను. పెట్టలేదు. బ్యాటరీ మీద ఉంటే ల్యాప్‌టాప్ కరెంటు ఆదా చేయడానికి వేగాన్ని తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. పెట్టాం, కొంచెం నయం. ఇలాంటి ల్యాప్‌టాపుల్లో రెండు గ్రాఫిక్స్ చిప్పులుంటాయి, ఒకటి చిన్నపనికి, ఒకటి పెద్దపనికి. పాత ఆటని చూసి విండోస్ చిన్నదానికి అప్పగించింది. డిస్‌ప్లే సెట్టింగుల్లో గ్రాఫిక్స్ అనే చోట ఆ ఆట పేరు చేర్చి పెద్దదానికి మార్చాం. అంకెలు పెరిగాయి, కుదుపు పోలేదు. మేనల్లుడు ఇక లాభం లేదంకుల్ అన్నాడు. మావాడు లేచి మొక్కలకి నీళ్లు కొట్టడానికి వెళ్లిపోయాడు. అది నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

అప్పుడు 2004 సంగతి ఆలోచించాను. మేం ఆడిన సెంటర్లో పెంటియం 4 ఉండేది. అప్పటికి ఇళ్లలో వాడే ప్రాసెసర్లకి ఒకటే కోరు. రెండు కోర్లవి ఇంటెల్, ఏఎండీ కంపెనీల నుంచి దుకాణాల్లోకి 2005లో వచ్చాయి. అంటే ఈ ఆట రాసినవాళ్లు ఒక్క మెదడున్న మెషీనుని మనసులో పెట్టుకుని రాశారు. అది వాళ్ల తప్పు కాదు, ఉన్నదాన్ని బట్టే రాస్తారు. ఇప్పటి ల్యాప్‌టాపులో ఎనిమిదో పన్నెండో కోర్లు. విండోస్ ఈ ఆట పనిని ఒక కోరు నుంచి ఇంకో కోరుకి మారుస్తూ ఉంటుంది. ఆ మార్పులకి అలవాటు లేని పాత ప్రోగ్రాం తడబడుతుంది.

కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు నొక్కి టాస్క్ మేనేజరు తెరిచాను. డీటైల్స్ అనే పేజీలో స్పీడ్2 అనే ప్రోగ్రాం మీద కుడి బటను నొక్కితే సెట్ అఫినిటీ అని ఉంటుంది. అందులో అన్ని కోర్ల టిక్కులూ తీసేసి ఒక్కటే ఉంచాను. ఆట నడిపాను. పెద్ద కుదుపులు పోయాయి. అంతవరకు ఆగి ఆగి పోయిన కారు రోడ్డు మీద నిలకడగా పోతోంది. ఎనిమిది మంది పని ఒక్కడికి ఇస్తే బాగా అవడమేమిటని మేనల్లుడికి ఆశ్చర్యం. వాడి క్లాసులో చెప్పలేదట. ఇదే మార్పు ప్రతిసారీ చేసుకోవాలి, లేకపోతే స్టార్ట్ అనే కమాండుకి అఫినిటీ 1 అని తగిలించి ఒక షార్ట్‌కట్ చేసుకోవాలి. చేసిపెట్టాను.

మావాణ్ణి కేకేశాను. వచ్చి చూసి, "బాగుంది గాని, పక్కన దీపం స్తంభాలు వణుకుతున్నాయిరా" అన్నాడు. నాకు కనబడలేదు. మేనల్లుడికీ కనబడలేదు. దగ్గరగా చూస్తే నిజమే, సన్నటి వణుకు. పుల్ల మీద సన్నటి కన్ను కూడా పోల్చగలిగే చూపు వాడిది, మాది కాదు.

ఇది వేరే జబ్బు. ఆ ఆట లోపల లెక్క సెకనుకి అరవై సార్లు జరుగుతుంది. ల్యాప్‌టాప్ తెర మాత్రం సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చే రకం. మన మెస్సులో 60 మందికి 144 గుడ్లు పంచమంటే ఏమవుతుంది? తలా రెండు ఇస్తే 24 మిగులుతాయి, కొందరికి మూడు వస్తాయి. అలాగే ఇక్కడ కొన్ని బొమ్మలు తెర మీద రెండు విడతలు, కొన్ని మూడు విడతలు నిలుస్తాయి. ఆ హెచ్చుతగ్గులే వణుకు. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో తెరని 144 నుంచి 60కి తగ్గించి, ఆటలో వీసింక్ వేశాను. డబ్బులు పోసి కొన్న 144ని తగ్గించడం మేనల్లుడికి ప్రాణం ఒప్పలేదు. ఆట అయ్యాక మళ్లీ పెంచుకోరా అన్నాను.

స్తంభాలు నిలబడ్డాయి.

మావాడు మళ్లీ ట్రే మీద కూర్చున్నాడు. మొదటి రేసులో ఆఖరున వచ్చాడు. రెండోదీ అంతే. మలుపు దగ్గర ఎలా తిప్పాలో చూపిద్దామని నేను అలవాటుగా చెయ్యి చాపాను. "అంకుల్, మావయ్యనే ఆడనివ్వండి" అన్నాడు మేనల్లుడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నాలుగో రేసులో మూడో స్థానం. అయిదోదాంట్లో చివరి మలుపు దాకా ముందే ఉండి, ఆఖర్లో ఎదురొచ్చిన కారుని తగిలించి రెండోవాడయ్యాడు. ఈసారి చేతుల మాట ఎత్తలేదు. "వాడెవడ్రా నాకు అడ్డొచ్చాడు" అని తిట్టాడు.

అప్పుడు చెప్పాను, వాడి వెనకాల నిలబడి. "నీ డబ్బులతో నేనే ఆడేశానురా అప్పుడు. పైగా ఆ మాట కూడా అన్నాను. తప్పు నాదే." వాడు తెర మీంచి చూపు తిప్పలేదు. "సబ్బు బాకీ ఉన్నావు, అది చూసుకో" అన్నాడు. వాళ్లావిడ భోజనాలకి పిలిచింది. వస్తున్నానన్నాడు గాని లేవలేదు. లోడింగ్ లారీ వాళ్లు ఫోన్ చేస్తే అరగంట ఆగమన్నాడు. ఇంకో రేసు ఎక్కించి, ఏదో గుర్తొచ్చినవాడిలా అడిగాడు.

"ఎంత టైముందిరా ఇంకా?"

"ఉంది, ఆడు" అన్నాను.

ఆ రాత్రి నాకు గౌతమి తప్పిపోయింది. అక్కడే పడుకుని, మర్నాడు పొద్దున్న బస్సుకి వెళ్లాను.