రాత్రి ప్లగ్గు, పొద్దున్న జలపాతం

కిందటి నవంబరులో అమెరికాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. వాళ్ళుండేది సియాటిల్ పక్కన రెడ్‌మండ్‌లో. వెళ్ళిన మూడోరోజే "అమ్మా, నా కారులో స్నోక్వాల్మీ జలపాతం చూసొద్దాం" అంది. "నా కారు" అన్నప్పుడు దాని మొహం చూడాలి! ఉద్యోగానికి అనుమతి లేని వీసా మీద వెళ్ళిన పిల్ల. అల్లుడుగారు ఉన్న ఒక్క కారూ ఆఫీసుకి తీసుకెళ్తే, కొత్తిమీర కట్టకైనా శనివారం దాకా ఆగాల్సిందే. అలా రెండేళ్ళు గడిచాక, ఆరువేల డాలర్లకి పాత నిస్సాన్ లీఫ్ కొన్నారు. 2015 మోడలు, కరెంటు కారు.

దీనికి ప్రత్యేకమైన ఏర్పాటేమీ లేదు. గరాజు గోడకున్న మామూలు ప్లగ్గే. అక్కడ ఇంటి ప్లగ్గులో 120 వోల్టులే కాబట్టి ఛార్జి నింపాదిగా ఎక్కుతుంది. గంటసేపు పెడితే ఏడు కిలోమీటర్లు నడుస్తుందట. రాత్రి వంటిల్లు సర్దుకుని ప్లగ్గు పెడితే, పొద్దున్న కాఫీ వేళకి డెబ్భై కిలోమీటర్లకి సరిపడా ఉంటుంది. పాలు తోడుపెట్టి పడుకున్నట్టే!

కొత్తలో 135 కిలోమీటర్లు వెళ్ళే బండి, బ్యాటరీ పాతబడి ఇప్పుడు 90 దాటదు. మేం బయల్దేరేటప్పుడు మీటరు 80 చూపించింది. జలపాతం 30 కిలోమీటర్లు. ఇంకేం భయం అనుకున్నాం.

దారి పొడుగునా దేవదారు చెట్లు, సన్నటి జల్లు. 268 అడుగుల ఎత్తునుంచి దూకే ఆ నీళ్ళు చూస్తే ఒళ్ళు పులకరించింది. పైకి లేచే తుంపర తమ ప్రార్థనల్ని మోసుకెళ్తుందని అక్కడి స్నోక్వాల్మీ ఆదివాసుల నమ్మకం. అక్కడే బండరాతిని తొలిచి, నేల లోపల 1899లో కట్టిన కరెంటు కేంద్రం ఇప్పటికీ పనిచేస్తోంది.

తిరిగి కారెక్కి చూస్తే మీటరు 36! నేను చలికి తాళలేక హీటరు పెట్టించాను కదా, అదే సగం తాగేసింది. నాకు గుండె దడ. అమ్మాయి మాత్రం తొణకలేదు. హీటరు కట్టేసి, సీటు వెచ్చబడే స్విచ్చి నొక్కింది. దానికి కరెంటు తక్కువట. నేను శాలువా కప్పుకుని, మసకేసిన అద్దాన్ని గుడ్డతో తుడుస్తూ కూచున్నాను. దిగుడులో వేగం తగ్గించినప్పుడల్లా కొంచెం కరెంటు బ్యాటరీలోకి తిరిగొస్తుందని చెబుతూ నడిపింది. ఇల్లు చేరేసరికి ఇంకా తొమ్మిది కిలోమీటర్లు మిగిలింది!

మన దగ్గరా పాత కరెంటు కార్లు అమ్మకానికి వస్తున్నాయి. కొనేవాళ్ళు రంగుకన్నా ముందు బ్యాటరీలో సత్తువ ఎంత మిగిలిందో చూసుకోండి. ఇంట్లో ఎర్తింగు సరిగ్గా ఉన్న 16 యాంపియర్ల ప్లగ్గు విడిగా పెట్టించండి. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరుతో ఛార్జి పెట్టకండి, వేడెక్కి కాలిపోతుంది.

ఆ రాత్రి ప్లగ్గు నేనే పెట్టాను. "రేపెక్కడికమ్మా?" అంది నా కూతురు. రెండేళ్ళు ఆ మాట అడిగే వీలే లేకపోయింది దానికి.