నలభై ఏడో వీధిలో సేల్స్‌మన్

బ్రాడ్వే అంటే న్యూయార్కులో ఒక్క వీధి పేరే కాదు. టైమ్స్ స్క్వేర్ చుట్టుపక్కల ఉన్న దాదాపు నలభై నాటకశాలలకు ఉమ్మడి పేరు. వాటిలో 47వ వీధిలోని ఎథెల్ బారీమోర్ థియేటరు 1928 నాటిది. 2012 ఫిబ్రవరిలో తమ్ముడి ఇంటికి వెళ్ళినప్పుడు అక్కడ ఆర్థర్ మిల్లర్ 'డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్' చూశాను.

ఈ నాటకం తొలిసారి ఆడింది 1949లో. దర్శకుడు మైక్ నికోల్స్ ఆనాటి రంగాలంకరణనే మళ్ళీ నిలబెట్టారు. అసలు ప్రారంభం మార్చి 15న. అంతకుముందు నెలరోజులూ 'ప్రివ్యూ'లు. పత్రికల తీర్పు ఇంకా రాదు కనుక టిక్కెట్టు కొన్నవారే తొలి విమర్శకులు.

విరామంలో మాటలు రెండుగా చీలాయి. కథానాయకుడు విల్లీకి 63 ఏళ్ళు. వేషం వేసిన ఫిలిప్ సేమోర్ హాఫ్‌మన్‌కు 44. "ముసలితనం అతకలేదు" అన్నారు కొందరు. "1949లో వేసిన లీ జె. కాబ్‌కు 37 ఏళ్ళేగా?" అన్నాడొక పెద్దాయన. సెట్టు పాతబడిందని ఒకరు, ఆ ఇల్లు చూడగానే గుండె బరువెక్కిందని మరొకరు.

చివరి ఘట్టంలో విల్లీ సమాధి దగ్గర భార్య లిండా, ఇంటి అప్పు ఆఖరి వాయిదా ఆ రోజే కట్టానని చెబుతుంది. పాతికేళ్ళ అప్పు తీరింది. ఇంట్లో ఉండవలసిన మనిషి లేడు. గృహరుణాల ఖాతాలు ముగించడం బ్యాంకులో నా పని. అక్కడ 'బాకీ సున్నా' అంటే శుభవార్త. ఆ రాత్రి అది గొంతుకు అడ్డుపడింది. వయసు గురించి వాదించినవారు కూడా మౌనంగానే బయటికి నడిచారు.

జూన్‌లో ఉత్తమ పునఃప్రదర్శనగా టోనీ పురస్కారం దీనికే వచ్చింది. హాఫ్‌మన్‌కు మాత్రం నామినేషనే మిగిలింది. 2014లో, విల్లీ వయసు చూడకుండానే, 46 ఏళ్ళకు ఆయన కన్నుమూశారు.