ఋణచిహ్నము

మన బడులలో బాలుడు అక్షరములతో పాటు నేర్చుకొను విద్య మఱియొకటి కలదు. అది తప్పును దాచుట. పలకమీద లెక్క తప్పినచో ఉపాధ్యాయుడు చూడకమున్నే అరచేతితో తుడిచివేయుదుము. నేనును అట్లే తుడిచివేయుచు పెరిగి, విద్యుచ్ఛక్తిశాస్త్రము చదువుటకై కళాశాలలో చేరితిని. ఆ శాస్త్రము నాకు ఋణచిహ్నమును మూడుమారులు మూడు వేషములతో చూపి, ఈ యలవాటును విడువుమని చెప్పినది. మొదటిమారు నేను వినలేదు. వినకపోవుటవలన చేసిన యపరాధమును చెప్పుకొనుటయే ఈ వ్యాసమునకు కారణము.

రెండవ సంవత్సరమున మాకు మూడు ఫేజుల విద్యుచ్ఛక్తిని రెండు వాట్‌మీటర్లతో కొలుచు ప్రయోగముండెను. మూడు తీగలలో పోవు శక్తిని కొలుచుటకు మూడు మీటర్లక్కరలేదు, రెండు చాలునని ఫ్రెంచి పండితుడు ఆంద్రే బ్లాండెల్ 1893లో వివరించెను. ఆ సిద్ధాంతమును నేను కంఠస్థము చేసితిని. రెండు మీటర్లు చూపు సంఖ్యలను కూడవలెనని సూత్రము. కూడుట నాకు రాదా యని ధైర్యము.

ఆనాడు మా బల్లవద్ద నయిదు హార్సుపవరు మోటారు, మోయవలసిన బరువేమియు లేక, ఊరక తిరుగుచుండెను. మొదటి మీటరు 600 వాట్లు చూపెను. రెండవదాని ముల్లు సున్నకు వెనుకకు పోయి మేకుకు తగిలి నిలిచెను. నేను కంగారుపడి, స్విచ్చి కట్టివేసి, ఆ మీటరు ఓల్టేజి తీగలను తారుమారు చేసి మరల నడపితిని. ముల్లు ముందుకు వచ్చి 300 చూపెను. పుస్తకమున 600కు 300 కూడి, 900 అని వ్రాసితిని. తీగలు మార్చినట్లు వ్రాయలేదు. నా ప్రక్కనున్నవారు ముగ్గురు ఆ సంఖ్యలనే తమ పుస్తకములలో నెక్కించుకొనిరి.

ప్రయోగశాలలో తీగలు బిగించు సహాయకుడొకడుండెను. మా తండ్రి వయస్సువాడు. ఆయన చదువు అయిదవ తరగతితో నాగిపోయినదని వినికిడి. ఆయన నా పుస్తకమువైపు చూచి, మోటారుమీద అరచేయి మోపి, “తొమ్మిదివందల వాట్లు తింటూ అరగంట తిరిగిన మోటారు ఇంత చల్లగా ఉంటుందా బాబూ? రెండో మీటరుది కలపకూడదేమో, తీసెయ్యాలేమో చూడండి” అనెను.

“నీకేమి తెలియును? తీగలు బిగించుట నీ పని, లెక్క నా పని” అంటిని. చుట్టునున్నవారు నవ్విరి. ఆయన చేయి తీసికొని మఱియొక బల్లవద్దకు పోయెను. నా పుస్తకముమీద మంచి మార్కులు పడినవి.

ఆయన చెప్పినదే సరియైనది. వాట్‌మీటరులో రెండు చుట్టలుండును. ఒకదానిలో మోటారునకు పోవు కరెంటు నడచును. రెండవది ఓల్టేజికి తగిలింపబడును. ఆ రెండును ఒక్క తాళమున నడచునపుడు ముల్లు ముందుకు సాగును. వానినడుమ దూరము 90 డిగ్రీలు మించినచో ముల్లు వెనుకకు పోవును. బరువులేని మోటారు తన అయస్కాంతత్వమును నిలుపుకొనుటకై శక్తిని తీసికొని క్షణములో మరల నిచ్చివేయుచుండును. పొరుగింట చేటెడు బియ్యము బదులు తెచ్చి, సాయంకాలమునకు కొలిచి యిచ్చినట్లు. అందువలన కరెంటు ఓల్టేజికంటె మిక్కిలి వెనుకబడును. ఆ వెనుకబాటు 60 డిగ్రీలు మించినపుడు, అనగా పవరు ఫాక్టరు సగమునకంటె తగ్గినపుడు, ఒక మీటరు ఋణసంఖ్యను చూపియే తీరవలెను. 600 నుండి 300 తీసివేయగా మిగులు 300 వాట్లే మోటారు ఖర్చు. నేను నిజమునకు మూడింతలు వ్రాసితిని. ఆ సంగతి అరచేతికి తెలిసినది గాని, కంఠస్థమైన సూత్రమునకు తెలియలేదు.

పరీక్షకు ముందటి రాత్రి ఈ వివరము చదివి నాకు నిదురపట్టలేదు. మరునాడు వరండాలో ఆయన ఎదురుపడెను. నేను తలవంచుకొని తప్పుకొని పోతిని.

ఋణచిహ్నము రెండవమారు సంకేతశాస్త్రమున కనబడినది. సినిమాలో బండిచక్రము ముందుకు పరుగెత్తుచునే వెనుకకు తిరుగుచున్నట్లు తోచుట మీరెల్లరు చూచియుందురు. సెకనునకు 24 బొమ్మలు తీయు కెమెరా, బొమ్మకు బొమ్మకు నడుమ జరిగినదానిని చూడదు. ఒక ఆకు ముందటి ఆకు స్థానమును చేరుటకు కొంచెము తక్కువగా జరిగినపుడు, మన కన్ను అది వెనుకకు జరిగినదని భ్రమించును. ఒక సంకేతమును నడుమనడుమ కొలిచి తెలిసికొనదలచినచో, దానిలోని మిక్కిలి వేగమయిన కంపమునకు రెండింతలకంటె ఎక్కువ తడవలు కొలువవలెనని షానన్ 1949లో నిరూపించెను. మీటరు ముల్లు వెనుకకు పోవుట నిజము. చక్రము వెనుకకు పోవుట భ్రమ. కావున ఋణచిహ్నమును చూడగనే తుడిచివేయుటయు తగదు, నమ్మివేయుటయు తగదు. ఎందుకు వచ్చినదని అడుగవలెను. అడుగుటకు సిగ్గుపడువానికి ఈ రెండింటికి భేదమెన్నడును తెలియదు.

మూడవమారు నియంత్రణశాస్త్రమున ఋణచిహ్నము ప్రాణదాతగా కనబడినది. జేమ్సు వాట్టు 1788లో ఆవిరియంత్రమునకు గవర్నరు నమర్చెను. యంత్రము వేగము హెచ్చగనే దాని గుండ్లు పైకి లేచి ఆవిరిని తగ్గించును. వేగము తగ్గగనే దిగి ఆవిరిని పెంచును. కావలసిన వేగమునుండి కలిగిన వేగమును తీసివేయగా మిగులు తప్పే ఆ యంత్రమును నడపును. 1927లో హెరాల్డ్ బ్లాక్ అను ఇంజనీరు హడ్సన్ నదిని పడవపై దాటుచు, ఆంప్లిఫైయరునుండి వెలువడినదానిలో కొంతభాగమును మరల మొదటికి తెచ్చి తీసివేసినచో దాని దోషములు తగ్గునని గ్రహించి, చేతనున్న వార్తాపత్రికమీదనే ఆ లెక్కను వ్రాసికొనెను. శ్రీశైలమున టర్బైనులు సెకనునకు 50 ఆవృత్తుల లయను వీడకుండుటకు కారణమును ఇట్టి గవర్నర్లే.

అయితే ఈ శాస్త్రము మఱియొక హెచ్చరికయు చేయుచున్నది. దిద్దుబాటు సకాలమున రావలెను. వేగము హెచ్చినదను వార్త ఆలస్యముగా చేరినచో, ఆవిరిని తగ్గించు వేళకు యంత్రము తనంత తానే మందగించి యుండును. అపుడు తగ్గింపు మేలుచేయక, దానిని మఱింత క్రుంగదీయును. ఇట్లు యంత్రము ఊగిసలాడి చెడును. గవర్నర్ల స్థిరత్వమును 1868లో మాక్స్‌వెల్ గణితముతో విచారించెను. 1932లో నైక్విస్టు ఫీడ్‌బ్యాకు స్థిరత్వమునకు పరీక్షను చూపెను. నేను ఈ లెక్కలన్నియు చేసి మార్కులు తెచ్చుకొంటిని గాని, నా దిద్దుబాటును మాత్రము చేసికొనలేదు.

కాలక్రమమున నేను ఆ కళాశాలలోనే ఉపాధ్యాయుడనైతిని. ఒకనాడు అదే ప్రయోగము చేయుచున్న విద్యార్థిని యొకతె నావద్దకు వచ్చి, “సారు, ముల్లు వెనక్కి పోతోంది, ఏమి వ్రాయమంటారు?” అని యడిగెను. ఆమె చేతిలో రబ్బరుముక్క యుండెను. ఆ ముక్కను చూడగనే నాకు పదునొకండేండ్లనాటి బల్ల కన్నులకు కట్టినది. “చూచినది చూచినట్లు వ్రాయుము. తీగలు మార్చినచో మార్చితినని వ్రాసి, సంఖ్యకు ముందు ఋణచిహ్నముంచుము” అంటిని. ఆ సాయంకాలమే సహాయకుని వెదకుచు బయలుదేరితిని.

ఆయన పదవీవిరమణ చేసి, కుమారుని దుకాణమున మోటారునకు రాగితీగ చుట్టుచుండెను. నేను నిలుచుండియే జరిగినదంతయు చెప్పి, క్షమింపుడంటిని. ఆయన తీగచుట్టు ఆపక విని, “అట్లా అన్నవాళ్లు చాలామంది బాబూ. అందులో మీరెవరో నాకు గుర్తు లేదు” అనెను. పిమ్మట, “ఆ మూలబల్ల మీటరు ముల్లు కొంచెం అంటుకొనేది. బాగు చేయించారా?” అని యడిగెను. లేదంటిని.

చదువరులారా! ఆయన కోపించియున్నచో నాకు కొంత ఊరట కలిగియుండును. నావలె పలికినవారు ఇందరుండగా, ఆ కళాశాల ఇన్నేండ్లు ఎన్ని తప్పుడు సంఖ్యలకు మార్కులిచ్చెనో! తీగ బిగించు చేతికి లెక్క తెలియదనుకొనుట, లెక్క తప్పినవాడు తెలివిలేనివాడనుకొనుట, ఈ రెండును ఒక్క గర్వమునకు పుట్టిన కవలలు. మొదటిది మనకు దిద్దుబాటు చెప్పువానిని తరిమివేయును. రెండవది చెప్పినను విననీయదు.

ఇపుడు మా ప్రయోగశాలలో పుస్తకమునుండి కాగితము చింపరాదు. తప్పిన సంఖ్యను గీతతో కొట్టివేసి, అది కనబడునట్లే యుంచి, కారణము వ్రాసినవారికి మార్కులు తగ్గవు. సహాయకుని పేరునకు గారు చేర్చి పిలువనివారిని నేను లోనికి రానీయను. మూలబల్ల మీటరును ఆ వారమే విప్పించితిమి. విప్పినది ఆయనయే. ముల్లు ఇరుసులో ధూళి చేరియుండెను. తుడిచి బిగించి, ఆయన మొదట దానిని వెనుకకు, పిమ్మట ముందుకు నడిపి చూచి, రెండువైపుల సరిగా పోవుచున్నదని చెప్పెను.