మెట్టసీమలో కడలి

తీరప్రాంత వాసులకు సముద్రం నిత్యదర్శనం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలవారికి అది ప్రయాణం చేసి చూడవలసిన వింత. ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి భాగంలో ఉన్న ఈ మూడు ఊళ్ళూ సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున, పీఠభూమి మీద వెలిశాయి. ఇక్కడి రైతుకు తెలిసినది వాన కోసం ఎదురుచూపు, బోరుబావి లోతు, టమాటా ధర. అయినా సముద్రం లేనిచోటనే సముద్రంపై మక్కువ మెండుగా ఉంటుంది. బంగారు చేపలు తిరిగే మంచినీటి గాజుతొట్టి ఇక్కడి ఇళ్ళకు కొత్త కాదు. 2003లో ‘ఫైండింగ్ నీమో’ అనే యానిమేషన్ చిత్రం వచ్చిన తరువాత, నారింజరంగు మేనిపై తెల్లని పట్టెలు గల క్లౌన్ చేప ప్రపంచమంతటా పిల్లల మనసు దోచుకున్నది. ఆ చేపను ఇంట పెంచాలనే కోరిక కలిగిన కుటుంబం ముందు నిలిచే మొదటి ప్రశ్న ఒక్కటే: ఏయే పరికరాలు కొనాలి?

సముద్రజీవులను గాజుగోడల నడుమ పెంచడం పాత విద్యయే. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రజలకోసం మత్స్యశాలను తెరిచారు. 1909లో మద్రాసు మెరీనా తీరాన అటువంటిదే వెలసింది. మద్రాసు మత్స్యశాలకు సముద్రం వాకిట్లోనే ఉన్నది. మదనపల్లెలో ఆ సౌకర్యం లేదు. ఇక్కడ కడలిని చుక్క చుక్కగా తయారు చేసుకోవలసిందే. కనుక పరికరాల ఎంపిక ఇక్కడ అలంకారానికి సంబంధించిన విషయం కాదు. అది ఒక ప్రాణి బతుకుకు పూచీపడటం.

సముద్రం తనలోని జీవులకు అడగకుండానే అనేక సేవలు చేస్తుంది. అలలతో నీటిని కదిలించి ప్రాణవాయువును కలుపుతుంది. వ్యర్థాలను సూక్ష్మజీవుల చేత శుద్ధి చేయిస్తుంది. లవణాల పాళ్ళు చెడనివ్వదు. వేడిని, చలిని తన విస్తీర్ణంలో ఇముడ్చుకొంటుంది. అక్వేరియంలోని ప్రతి యంత్రమూ ఈ సేవలలో ఒకదానికి ప్రతినిధి. అందువల్ల దుకాణంలో ఏ వస్తువును చేతికి తీసుకొన్నా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది సముద్రం చేసే ఏ పనిని చేస్తుంది? కరెంటు లేని రాత్రి ఆ పనిని ఎవరు చేస్తారు?

మొదటి నిర్ణయం తొట్టి పరిమాణం. పుంగనూరు ఆవును ఎరిగినవారు ఇక్కడ పొరపడే అవకాశం ఉన్నది. ప్రపంచంలోని అతిచిన్న పశుజాతులలో ఒకటైన ఆ ఆవు కొద్దిపాటి మేతతో కరవునూ తట్టుకొంటుంది. చిన్నదానికి పోషణ తక్కువ అన్నది దానిని చూసి నేర్చుకొన్న పాఠం. ఉప్పునీటి తొట్టి విషయంలో ఈ పాఠం తలకిందులవుతుంది. 45 సెంటీమీటర్ల లోతు గల తొట్టిలో ఒక సెంటీమీటరు నీరు ఆవిరైతే పోయినది 45వ వంతు. 25 సెంటీమీటర్ల లోతు తొట్టిలో అదే ఒక సెంటీమీటరు 25వ వంతు. నీరే ఆవిరవుతుంది, ఉప్పు మిగిలిపోతుంది. కనుక చిన్న తొట్టిలో లవణీయత త్వరగా పెరుగుతుంది, వేడీ త్వరగా ఎక్కుతుంది. తొలిసారి పెంచేవారికి 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు ఉన్న తొట్టి అనువైనది. అందులో సుమారు 180 లీటర్ల నీరు పడుతుంది. గాజు, రాళ్ళు కలిపితే బరువు 200 కిలోలు దాటుతుంది. కాబట్టి ఇనుప చట్రంతో గట్టిగా చేయించిన బల్ల, ఎండ నేరుగా పడని గోడవార అవసరం.

రెండవది నీరు. బోరునీటిలో కరిగి ఉన్న లవణాలు ఊరికొక తీరుగా ఉంటాయి. కుళాయినీటిలోని క్లోరిన్ మేలుచేసే సూక్ష్మజీవులను చంపుతుంది. కనుక ఆర్.ఓ. యంత్రంలో వడగట్టి, ఆపై అయాన్లను తొలగించే రెసిన్ గొట్టం గుండా పంపిన నీరే వాడాలి. ఇళ్ళలోని ఆర్.ఓ. యంత్రం ఒక లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్ల నీటిని బయటకు వదలడం సాధారణం. హంద్రీ–నీవా కాలువ ద్వారా కృష్ణాజలాలు 2025లో గాని కుప్పం చేరలేదన్న సంగతి గుర్తున్నవారు ఆ నీటిని మురుగుకాలువలో కలపరు. నేల తుడవడానికి, పాత్రలు కడగడానికి అది పనికివస్తుంది.

మూడవది ఉప్పు. వంటింటి ఉప్పు, కల్లుప్పు ఇందుకు పనికిరావు. ఉప్పుమళ్ళలో సోడియం క్లోరైడ్ గడ్డకట్టిన తరువాత మెగ్నీషియం అధికంగా ఉన్న చేదునీటిని పారబోస్తారు. ఆ పారబోసిన భాగమూ సముద్రంలో ఒక భాగమే. అందుచేత అన్ని లవణాలూ తగు పాళ్ళలో కలిపిన అక్వేరియం ఉప్పునే కొనాలి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. ఆ లెక్కన 180 లీటర్లకు 6 కిలోల 300 గ్రాములు కావాలి. లవణీయతను కొలవడానికి రిఫ్రాక్టోమీటరు ఉండాలి. ఆవిరైన నీటికి బదులు ఉప్పునీరు కాక, శుద్ధమైన మంచినీరే పోయాలన్నది మరువరాని నియమం.

నాల్గవది శుద్ధి. చేపల విసర్జన నుండి అమోనియా పుడుతుంది. అది విషం. ఒక జాతి బాక్టీరియా దానిని నైట్రైట్‌గా, మరొక జాతి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడ ప్రమాదకరమే. నైట్రేట్ అంత హానికరం కాదు. ఈ సూక్ష్మజీవులు నివసించడానికి రంధ్రాలు గల రాళ్ళు కావాలి. మట్టితో కాల్చి చేసిన పింగాణి రాళ్ళు ఇందుకు చాలు. వ్యర్థాలు కుళ్ళకముందే నురుగు రూపంలో వెలికితీసే ప్రోటీన్ స్కిమ్మర్, నీటిని తిప్పే చిన్న మోటార్లు రెండు దీనికి తోడు. వారానికొకసారి పదవవంతు నీటిని మార్చాలి.

ఐదవది ఉష్ణోగ్రత. పగడపు దిబ్బల చేపలకు 25 నుండి 27 డిగ్రీల సెల్సియస్ హితకరం. ఈ పీఠభూమిలో మే నెల పగళ్ళు మండుతాయి, జనవరి రాత్రులు వణికిస్తాయి. చలికి థర్మోస్టాట్ ఉన్న హీటర్ సరిపోతుంది. వేడికి చిల్లర్ అనే శీతలయంత్రం ఉన్నది గాని దాని ధర, విద్యుత్తు ఖర్చు రెండూ భారమే. అయితే ఈ సీమకు ప్రకృతి ఒక మేలు చేసింది. చెన్నైలోని తేమగాలి కంటె మదనపల్లె వేసవిగాలి పొడిగా ఉంటుంది. నీటి ఉపరితలంపై చిన్న ఫ్యాను తిరిగితే ఆవిరితో పాటు వేడి కూడ పోతుంది. కుండలో నీరు చల్లబడే సూత్రమే ఇది. దీనివల్ల నీటి ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. అందుకు మూల్యం రోజూ పోయవలసిన మంచినీరు. అది సిద్ధంగా ఉన్న ఇంట్లోనే ఈ ఉపాయం ఫలిస్తుంది.

ఆరవది, అందరూ చివరకు గాని తలచనిది, విద్యుత్తు. నీటి కదలిక ఆగితే ప్రాణవాయువు తగ్గుతుంది. వేడినీటిలో అది మరింత తక్కువగా కరుగుతుంది. కనుక వేసవి రాత్రి కరెంటు పోవడమే తొట్టికి అసలు పరీక్ష. 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ల ఇన్వర్టర్ బ్యాటరీలో లెక్కప్రకారం 1,800 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. అందులో సగమే వాడుకొన్నా 25 వాట్ల మోటార్లు ఒక రోజుకు పైగా తిరుగుతాయి. దీపాన్ని, హీటర్‌ను దానికి తగిలించకూడదు. చలిరాత్రి తొట్టి పక్కలకు దుప్పటి కప్పితే చాలును. చేపల వ్యాపారులు వాడే బ్యాటరీ గాలిపంపు ఒకటి అదనంగా ఉంటే మరీ మంచిది.

దీపం ప్రస్తావన కడపట రావడానికి కారణం ఉన్నది. దుకాణంలో మొదట కన్ను లాగేది నీలికాంతి దీపమే. ఆ తీవ్రమైన కాంతి ముఖ్యంగా పగడపు జీవులకు అవసరం. వాటి కణజాలంలో నివసించే సూక్ష్మశైవలాలు కాంతితో ఆహారం తయారుచేసి ఇస్తాయి. నీరు కొద్ది వారాలపాటు ఒకటి రెండు డిగ్రీలు అధికంగా వేడెక్కితే ఆ శైవలాలు తొలగిపోయి పగడం తెల్లబారుతుంది. 1998లో లక్షద్వీప దిబ్బలు ఈ విధంగానే తీవ్రంగా దెబ్బతిన్నాయి. అటువంటి సున్నితమైన ప్రాణులను కాపాడటానికి భారత ప్రభుత్వం 2001లో దిబ్బలు నిర్మించే పగడపు జీవులన్నిటినీ, సముద్రగుర్రాలనూ వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చింది. పులికి ఉన్న రక్షణే పగడానికీ ఉన్నది. కనుక సముద్రం నుండి తెచ్చిన పగడాన్ని గాని, పగడపు రాతిని గాని ఎవరు అమ్మజూపినా కొనరాదు. పగడం లేని తొట్టికి సాధారణమైన ఎల్.ఇ.డి. దీపం చాలును. ఆ మిగులు ధనాన్ని బ్యాటరీకి మళ్ళించవచ్చు.

చేపల విషయంలోనూ ఇదే వివేకం అవసరం. కొన్ని దేశాలలో సయనైడ్ చల్లి, మత్తెక్కిన దిబ్బ చేపలను పట్టే దుష్టపద్ధతి ఉన్నది. దానివల్ల చేపతో పాటు దిబ్బ కూడ నశిస్తుంది. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపలను పొదిగించి పెంచే పద్ధతులను రూపొందించింది. హేచరీలో పుట్టిన చేప తొట్టి జీవితానికీ, ఇచ్చిన మేతకూ అలవాటు పడి ఉంటుంది. కుప్పం నుండి చెన్నైకి రైలు మార్గం ఉన్నది. అలంకారపు చేపలకు పేరుపడిన కొళత్తూరు బజారు ఆ నగరంలోనే ఉన్నది. అక్కడికి వెళ్ళినవారు ధర అడగడానికి ముందు చేప పుట్టుక అడగాలి.

అన్నీ అమరిన తరువాత కూడ చేపను వెంటనే విడువరాదు. బాక్టీరియా స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. పరీక్షా ద్రావణాలతో చూసినప్పుడు అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చేదాక అది ఖాళీ తొట్టియే. ఇంటికి వచ్చిన బంధువులు ‘ఇందులో చేపలేవీ?’ అని అడుగుతారు. ఆ ప్రశ్నను నెలన్నరపాటు ఓర్చుకోలేని ఇంట చేప బతకదు.

ఈ పరికరాలన్నిటికీ వెనుక ఉండవలసినది ఒకే సంకల్పం. సముద్రంలోని చేపకు నీరు చెడితే మరొకచోటికి ఈదే స్వేచ్ఛ ఉన్నది. తొట్టిలోని చేపకు నాలుగు గాజుగోడలే దిక్కులు. దాని స్వేచ్ఛను తీసుకొన్నవారు దాని భద్రతను కూడ తీసుకోవాలి. రోజూ మంచినీరు, కరెంటు లేని వేళ గాలి, ఊరికి వెళ్ళినప్పుడు చూసేందుకు ఒక మనిషి — ఈ మూడూ సమకూరని ఇంటివారు తొట్టి కొనకుండా మానుకోవడం కూడ సరియైన ఎంపికే. సమకూరిన ఇంట, సముద్రానికి ఎంతో దూరాన ఉన్న మెట్టసీమలో, రెండు చిన్న చేపలు రాళ్ళ సందుల్లో నిశ్చింతగా ఈదుతాయి.